కృష్ణా డెల్టాలో కొండచిలువలు: మేకలు, కోళ్లు, బాతులను కాపాడుకోవడం ఎలా?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో చేపల చెరువు వలల్లోనో, కోళ్ల గూట్లోనో, వరి కోత మిషన్ ముందో కొండచిలువ కనిపించిందనే మాట తరచూ వింటుంటాం. కనిపించగానే ఊరంతా కర్రలతో పోగవుతుంది. పాము చస్తుంది, లేదా దాన్ని పట్టబోయిన మనిషికి గాయమవుతుంది. వారం తిరగకుండా మరో ఇంట్లో మరో మేకపిల్ల మాయమవుతుంది. పామును చంపినంత మాత్రాన నష్టం ఆగదు. పాము కొట్టంలోకి వచ్చే దారి మూసినప్పుడే ఆగుతుంది. ఈ వ్యాసంలో కొండచిలువ గురించి రైతులు తెలుసుకోవలసిన విషయాలు, జీవాలకు తీసుకోవలసిన జాగ్రత్తలు, ఆపద వస్తే చేయవలసిన పనులు వివరిస్తున్నాం.

మన డెల్టాలో ఎందుకు కనిపిస్తోంది?

పేరులో కొండ ఉన్నా ఈ పాముకు నీరంటే ఇష్టం. బాగా ఈదుతుంది, చెట్లు ఎక్కుతుంది. చిత్తడి నేలలు, కాలువ గట్లు, పొదలు, పాత బొరియలు దాని నివాసాలు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం కూడా చిత్తడి నేలే. అక్కడి కొండచిలువలు ముళ్లపందులు తవ్విన బొరియల్లో చలికాలం గడుపుతాయి.

మన ప్రాంతంలో దానికి కావలసినవన్నీ ఉన్నాయి. గుడివాడ, నందివాడ వైపు చేపల చెరువుల గట్లు, గుర్రపుడెక్క నిండిన మురుగు కాలువలు ఉన్నాయి. మచిలీపట్నం వైపు చవుడు భూముల్లో సర్కారు తుమ్మ పొదలు దట్టంగా పెరిగాయి. పులిగడ్డ దగ్గర కృష్ణా నది చీలి దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలిసే చోట మడ అడవులు, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉన్నాయి. ఈ చోట్లన్నింట్లో పందికొక్కులు, కొంగలు, నీటికోళ్లు, కుందేళ్లు పాముకు మేత.

అసలు చిక్కు వర్షాకాలంలో వస్తుంది. డెల్టాలో మెరక భూమి తక్కువ. కాలువలకు నీరు వదిలి పొలాలు నిండగానే బొరియలు మునుగుతాయి. పాములకు మిగిలేది గట్లు, కరకట్టలు, ఇళ్ల దిబ్బలు, గడ్డివాములు. మనమూ, మన పశువులూ ఉండేది కూడా ఆ మెరక మీదే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద కిందకు వెళ్లింది. అంతటి వరదలో పాములు కొట్టుకొస్తాయి, కొత్త చోట్లకు చేరతాయి. వరద తీసిన తర్వాత కొన్ని వారాల పాటు ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఎంత పెద్దది? ఏం తింటుంది?

సాధారణంగా కనిపించే కొండచిలువ 8 నుంచి 10 అడుగులు ఉంటుంది. 15 అడుగుల దాకా పెరిగినవి అరుదు. కళ్లతో చూసి చెప్పే కొలత ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ‘ఇరవై అడుగుల పాము’ అనే మాటను వెంటనే నమ్మకండి.

దీనికి విషం లేదు. పెదవుల దగ్గర ఉండే చిన్న గుంటల ద్వారా వేడిని పసిగట్టి, చీకట్లో కూడా వెచ్చని ఒళ్లున్న జంతువు ఎక్కడుందో తెలుసుకుంటుంది. కదలకుండా కాచుకుని, ఒక్కసారిగా పట్టి, చుట్టలు వేసి బిగిస్తుంది. ఆ బిగింపుకు రక్తప్రసరణ ఆగి జంతువు కొద్ది నిమిషాల్లోనే చనిపోతుంది. తర్వాత తలవైపు నుంచి మొత్తంగా మింగుతుంది. పళ్లు లోపలికి వంగి ఉండడం వల్ల పట్టు వదిలించడం కష్టం.

అడవిలో దీని ఆహారం ఎలుకలు, పందికొక్కులు, కుందేళ్లు, పక్షులు, పునుగుపిల్లులు. పెద్ద పాములు నక్కను, జింక పిల్లను కూడా మింగుతాయి. పెంపుడు వాటిలో కోళ్లు, బాతులు, కుక్కపిల్లలు, మేకపిల్లలు, గొర్రెపిల్లలకు ముప్పు ఉంది. బాగా పెద్ద పాము చిన్న మేకను కూడా పట్టగలదు. ఎదిగిన ఆవు, గేదె జోలికి రాదు. ఒక్కసారి కడుపు నిండితే వారాల తరబడి మళ్లీ వేటాడదు. అందుకే ప్రతి రాత్రీ వరుసగా కోళ్లు పోతుంటే కారణం కొండచిలువ కాకపోవచ్చు.

కొండచిలువ పిల్లా, రక్తపింజరా?

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోబోయి ప్రాణాల మీదకు తెచ్చుకున్నవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. రెండూ లావుగా, మచ్చలతో, మందకొడిగా కనిపిస్తాయి. తేడాలు ఇవి:

1. మచ్చలు: రక్తపింజరి వీపు మీద గుండ్రని లేదా కోలగా ఉండే ముదురు మచ్చలు గొలుసులా మూడు వరుసల్లో ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఒక ఆకారం లేకుండా పటంలోని దేశాల్లా అతుకులు అతుకులుగా ఉంటాయి.

2. చర్మం: రక్తపింజరి పొలుసులు గరుకుగా ఉంటాయి. కొండచిలువ ఒళ్లు నున్నగా మెరుస్తుంది.

3. చప్పుడు: రక్తపింజరి చుట్ట చుట్టుకుని ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు గట్టిగా, ఆగకుండా బుస కొడుతుంది. కొండచిలువ కూడా బుస కొట్టగలదు గానీ ఎక్కువసార్లు కదలకుండా పడి ఉంటుంది.

4. పొడవు: రక్తపింజరి సాధారణంగా 3 నుంచి 4 అడుగులు, 5 అడుగులు దాటడం అరుదు.

రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఈ తేడాలు సరిగ్గా తెలియవు. అందుకని ఒక్క నియమం పెట్టుకోండి: ఐదడుగుల లోపు ఉన్న మచ్చల పాము ఏదైనా సరే, రక్తపింజరి అనే అనుకోవాలి. దూరంగా ఉండాలి.

నష్టం చేసింది ఏది? జాడలు చూడండి

పరిహారానికైనా, నివారణకైనా ముందు కారణం తెలియాలి.

కొండచిలువ: రక్తం, ఈకలు, ఎముకలు దాదాపు ఏమీ మిగలవు. జంతువు మొత్తంగా మాయమవుతుంది. దుమ్ములో, బురదలో వెడల్పైన తిన్నని జాడ కనిపిస్తుంది. పొట్ట ఉబ్బిన పాము చుట్టుపక్కల పొదలోనో, గడ్డివాము కిందనో, గూటిలోనే మూలకో పడి ఉంటుంది. లోపలికి వచ్చిన కంతలోంచి ఉబ్బిన పొట్టతో బయటకు పోలేక గూట్లోనే దొరికిపోవడం మామూలే.

కుక్కలు, నక్కలు: రక్తపు మరకలు, లాక్కెళ్లిన గుర్తులు, చిందరవందరగా ఈకలు. కుక్కలైతే ఒకే రాత్రి చాలా జీవాలను గాయపరిచి వదిలేస్తాయి.

ముంగిస, అడవిపిల్లి, నీటిపిల్లి: మెడ, తల దగ్గర కాట్లు. సగం తిన్న కోళ్లు దగ్గర్లో దొరుకుతాయి.

ఉడుము: ఎక్కువగా గుడ్లు, కోడిపిల్లలు పోతాయి.

దొంగలు: ఏ జాడా లేకుండా ఎదిగిన మేకపోతు, అదీ తలుపు గడియ తీసి ఉండగా మాయమైతే పామును అనుమానించే ముందు మనిషిని అనుమానించాలి!

కాలాన్ని బట్టి జాగ్రత్తలు

డిసెంబరు – ఫిబ్రవరి: ఇది వాటి జత కట్టే కాలం. చలి ఉదయాల్లో గట్ల మీద ఎండ కాగుతూ కనిపిస్తాయి. వరి కోతలూ ఈ రోజుల్లోనే. కోత మిషన్ చేను చుట్టూ తిరుగుతూ మధ్యకు కోసుకుంటూ పోతే పాములు, ఇతర జంతువులు చివరి మడిలో చిక్కుకుంటాయి. ఒక వైపు నుంచి మొదలుపెట్టి గట్టు వైపుకు కోసుకుంటూ వెళ్తే తప్పించుకునే దారి ఉంటుంది. కుప్పలు ఎత్తేటప్పుడు, వామి లాగేటప్పుడు ముందు పొడవాటి కర్రతో కదిపి చూడండి. వరిగడ్డిని పొలంలో తగలబెట్టవద్దు.

మార్చి – జూన్: గుడ్లు పెట్టే కాలం. ఆడపాము గుడ్ల చుట్టూ చుట్టుకుని సుమారు రెండు నెలలు పొదుగుతుంది. బొరియలు, పాత ఇటుక కుప్పలు, పొదల కింద ఇలాంటి పాము కనిపిస్తే కదపవద్దు. గుడ్లను కాపాడుకునే పాము తేలిగ్గా పారిపోదు.

జూన్ – ఆగస్టు: కాలువల నీరు వస్తుంది, నాట్లు పడతాయి. కొండచిలువ పిల్లలు బయటకు వస్తాయి. అవి పుట్టినప్పుడే అడుగున్నర నుంచి రెండు అడుగులు ఉంటాయి. విషసర్పాల కాట్లు కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ.

సెప్టెంబరు – నవంబరు: వరదలు, తుపాన్ల కాలం. జీవాలను కరకట్ట మీద, పాఠశాలల్లో ఉంచినప్పుడు రాత్రి కాపలా, వెలుతురు తప్పనిసరి. పిల్లలను గుంపు మధ్యలో కట్టాలి.

కొట్టం, గూడు ఎలా ఉండాలి?

చిన్న రైతు పెట్టుబడి పెట్టవలసిన చోటు ఇదే.

1. కోళ్ల గూటికి అరంగుళం కంతల వెల్డెడ్ మెష్ వాడండి. పెద్ద కంతల కోళ్ల వల గుండా పిల్ల పాములు, నాగుపాములు దూరతాయి. మెష్‌ను నేలలో ఒక అడుగు లోతు పాతండి.

2. మేకలు, గొర్రెల కొట్టానికి నాలుగు వైపులా కనీసం మూడు అడుగుల ఎత్తు వరకు ఇదే మెష్ గానీ, కంతలు లేని గోడ గానీ ఉండాలి. పాము స్తంభాలు ఎక్కగలదు కాబట్టి ఈనిన మేకలు, పిల్లలు ఉండే అర పైకప్పు దాకా మూసి ఉండాలి. గాలి ఆడేందుకు పై భాగంలో మెష్ చాలు.

3. తలుపు కింద సందు వేలు పట్టనంతగా ఉండాలి. ఎక్కువ కొట్టాల్లో పాము వచ్చే దారి ఇదే.

4. ఎత్తు మంచె కొట్టం వేశాం కదా, పాము రాదనుకోవద్దు. చెక్కల మధ్య పెంట పడేంత సందు మాత్రమే ఉంచి, కింద భాగం చుట్టూ మెష్ కట్టండి.

5. కొట్టం చుట్టూ 15 అడుగుల మేర పొదలు, కట్టెల మోపులు, ఇటుకలు, పాత టైర్లు లేకుండా చూడండి. గడ్డివామిని కొట్టానికి ఆనించి వేయవద్దు.

6. మేత, దాణా గింజలు నేల మీద వదిలేస్తే ఎలుకలు వస్తాయి. ఎలుక వెంట పాము వస్తుంది. రాత్రికి దాణా తొట్లు ఖాళీ చేయండి.

7. కోతలైన పొలాల్లో బాతుల మందను మేపేవారు రాత్రి మకాం కాలువ గట్టుకు, పొదలకు దూరంగా వేసుకోవాలి. చీకటి పడకముందే లెక్క చూసుకుని లోపలికి తోలాలి.

రెండు పనులు మాత్రం చేయవద్దు. పాత చేపల వలను కొట్టం చుట్టూ నేలకు తగిలేలా కడితే పాములు చిక్కుకుని చస్తాయి, వాటిని తీయబోయి మనుషులు కాటుకు గురవుతారు. కొట్టం చుట్టూ, చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం నేరం. ఆ తీగ ఇంటి మనిషినే బలి తీసుకోవచ్చు.

కొండచిలువ కనిపిస్తే

ముందు పిల్లలను, కుక్కలను, జీవాలను దూరంగా పంపండి. పాముకు పది అడుగుల దూరంలో ఉండి ఒక్కరు మాత్రం అది ఎటు పోతుందో గమనించాలి. అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి గానీ, శిక్షణ పొందిన స్నేక్ క్యాచర్‌కు గానీ కబురు చేయండి. నంబర్లు తెలియకపోతే గ్రామ సచివాలయంలో, పోలీస్ స్టేషన్‌లో అడగండి. ఈ నంబర్లను ఇప్పుడే కొట్టం తలుపు మీద రాసి పెట్టుకోవడం మేలు. పొలంలో, గట్టు మీద తన దారిన పోతున్న పామైతే పోనివ్వండి.

జీవాన్ని అప్పటికే మింగిన పామును కొట్టవద్దు. బెదిరితే మింగినదాన్ని కక్కేస్తుంది. మీ మేకపిల్ల తిరిగి బతకదు, నష్టానికి ఉన్న రుజువు మాత్రం పోతుంది.

జీవం ఇంకా బతికుండగా చుట్టుకుని ఉంటే ఒక్కరే దగ్గరకు వెళ్లవద్దు. కనీసం ముగ్గురు ఉండాలి. చుట్టలను తల వైపు నుంచి లాగితే ఇంకా బిగుస్తాయి. తోక చివర పట్టుకుని, ఒక్కొక్క చుట్టనే విప్పుకుంటూ రావాలి. తల దగ్గరకు చేయి పోనివ్వకూడదు. పాము మనిషిని చుట్టినా విధానం ఇదే. పాము పది అడుగులు దాటి ఉంటే, మనుషులు చాలకపోతే, మేక కోసం ప్రాణాల మీదకు తెచ్చుకోవద్దు.

చేపల వలలో చిక్కుకున్న పామును లాగకండి. వల కత్తిరించడం శిక్షణ ఉన్నవారి పని.

కాటు పడితే

కొండచిలువ కాటుకు విషం ఉండదు గానీ గాయాలు లోతుగా అయి చీము పట్టవచ్చు. సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం టీకా వేయించుకోండి. కరిచింది కొండచిలువేనని మీకు ఎంత నమ్మకం ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. కారణం పైన చెప్పిందే: అది రక్తపింజరి కావచ్చు.

దివిసీమ రైతులకు 2018 వానాకాలం గుర్తుండే ఉంటుంది. నాట్ల రోజుల్లో పాముకాట్లు వరుసగా నమోదై, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి బాధితులు క్యూ కట్టారు. ఆగస్టు చివర్లో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి హోమం కూడా జరిగింది. ఆ కాట్లకు కారణం కొండచిలువలు కావు. మన దేశంలో పాముకాటు మరణాలు ఎక్కువగా నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి వల్ల జరుగుతాయి. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోయినట్టు ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేవుడికి మొక్కుకోండి, కానీ ముందు 108కి ఫోన్ చేయండి. కాటు వేసిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయవద్దు. ఆ కాలు లేదా చేయి కదలకుండా ఉంచి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

పశువుకు పాము కరిస్తే మూతి, కాళ్ల దగ్గర వాపు, రక్తం కారడం, ఎర్రటి మూత్రం రక్తపింజరి కాటు లక్షణాలు. తూలడం, చొంగ కార్చడం, నిలబడలేకపోవడం నాగుపాము, కట్లపాము కాటు లక్షణాలు. వెంటనే 1962కి ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకు కబురు చేయండి. పశువులకు కూడా యాంటీ వెనమ్ పనిచేస్తుంది. ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది.

చట్టం, పరిహారం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. చంపినా, పట్టి ఉంచుకున్నా, చర్మం, కొవ్వు అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. మెడలో వేసుకుని సెల్ఫీ దిగి అందరికీ పంపడం మన మీద మనమే సాక్ష్యం ఇచ్చుకోవడం. కొండచిలువ కొవ్వు కీళ్ల నొప్పులకు మందు అనే మాటకు ఆధారం లేదు.

జీవం పోయినప్పుడు: పాము, జాడ, కొట్టం ఫొటోలు తేదీతో సహా తీయండి. అదే రోజు అటవీ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పశువైద్యుడి ధ్రువీకరణ, గ్రామ రెవెన్యూ అధికారి నివేదిక జత చేయండి. మీ కేసు పరిహారానికి వస్తుందో లేదో రేంజ్ అధికారి చెబుతారు. మేకలు, గొర్రెలకు పశు బీమా చేయించి, చెవి ట్యాగు ఊడకుండా చూసుకుంటే ఇలాంటి నష్టంలో దారి సులువవుతుంది. పాలసీ తీసుకునేటప్పుడే వన్యప్రాణుల వల్ల మరణం వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోండి.

పాము వల్ల మనకేమిటి?

వరికి ఎలుకలు చేసే నష్టం డెల్టా రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. జెర్రిపోతు, నాగుపాము బొరియల్లోకి దూరి ఎలుకలను పిల్లలతో సహా తింటాయి. వాటికి లొంగని బలిసిన పందికొక్కులను కొండచిలువ పడుతుంది. అయితే పాముల మీదే వదిలేస్తే ఎలుకలు తగ్గవు. నాట్లకు ముందు, పిలకల దశలో ఊరంతా కలిసి ఒకేసారి మందు పెట్టాలి. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, బ్రోమాడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల పొట్లాలు కట్టి, ఎలుకలు తిరుగుతున్న కన్నాల్లోనే వేయండి. చేతులకు తొడుగులు వాడండి. చచ్చిన ఎలుకలను వెతికి పాతిపెట్టండి. లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబలు, కుక్కలు కూడా ప్రమాదంలో పడతాయి. బొరియలు తగ్గితే ఇంటి చుట్టూ పాములూ తగ్గుతాయి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: సెల్‌ఫోన్లలో మనిషిని మింగిన పాము వీడియోలు వస్తున్నాయి. మన దగ్గరా జరుగుతుందా?
జవాబు: 2017లో ఇండోనేసియాలోని సులవేసి దీవిలో అలాంటి ఘటన జరిగింది. అది వేరే జాతి, ప్రపంచంలోనే అతి పొడవైన పాము. మన డెల్టాలో అది లేదు. మన కొండచిలువ మనిషిని ఆహారంగా చూడదు. అయినా పసిపిల్లలను కాలువ గట్టు మీద ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: అమెరికాలో కొండచిలువలు అడవి జంతువులన్నింటినీ తినేశాయట, ఇక్కడా అలా అవుతుందేమో?
జవాబు: ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెంపుడు పాములుగా తెచ్చిన బర్మా కొండచిలువలు పెరిగిపోయాయి. 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడ రకూన్లు కనిపించడం 99 శాతం పైగా తగ్గింది. అక్కడ అది పరాయి పాము. ఇక్కడ అది మన నేలలో పుట్టిన పాము. దాని గుడ్లను, పిల్లలను తినే ఉడుములు, ముంగిసలు, గద్దలు ఇక్కడే ఉన్నాయి.

ప్రశ్న: ఫినాయిల్, వెల్లుల్లి, గంధకం చల్లితే పాము రాదా?
జవాబు: వీటిని నమ్ముకోవద్దు. అదే డబ్బుతో తలుపు కింద రేకు కొట్టించండి.

ప్రశ్న: పట్టిన పామును మేమే దూరంగా వదలవచ్చా?
జవాబు: వద్దు. పట్టడం, తరలించడం అటవీ శాఖ ఆధ్వర్యంలోనే జరగాలి. మీ ఊరి పామును పక్క ఊరి చెరువు గట్టు మీద వదిలితే ఇబ్బంది మరో రైతుకు చేరుతుంది, అంతే.

గుర్తుంచుకోవలసినవి

• ఐదడుగుల లోపు మచ్చల పామును రక్తపింజరిగానే భావించాలి.
• అరంగుళం మెష్, సందు లేని తలుపు, పొదలు లేని ఆవరణ: ఈ మూడూ ఉంటే జీవాలకు భద్రత.
• మనిషికి కాటు పడితే 108, పశువుకు 1962.
• నాట్లు, వరదల రోజుల్లో రాత్రి బయటకు వెళ్తే టార్చి, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. నేల మీద పడుకోకుండా, మంచం మీద దోమతెర కట్టుకుని పడుకోండి. కట్లపాము రాత్రి నిద్రలోనే ఎక్కువగా కరుస్తుంది.
• కొండచిలువను చంపితే కేసు, పట్టబోతే గాయం. ఒక ఫోన్ చేస్తే రెండూ తప్పుతాయి.

వానాకాలం మొదలయ్యేలోపు ఒక సాయంత్రం చేతిలో టార్చి పట్టుకుని మీ కొట్టం చుట్టూ ఒకసారి తిరగండి. లోపల దీపం పెట్టి బయట నుంచి చూస్తే వెలుగు వచ్చే ప్రతి కంతా పాముకు దారే. కింద మూడు అడుగుల మేర కనిపించిన కంతలను ముందు మూయండి.